చిట్టికి రెండో చెవి

దసరా సెలవులకి ఖమ్మం వెళ్లినప్పుడు జరిగింది ఇది. నేనూ, నా మేనకోడలు చిట్టీ కిరాణా కొట్టుకి బయల్దేరాం. చేతిలో పది రూపాయల నోటు మడిచి పట్టుకుని, నాకంటే నాలుగడుగులు ముందు నడుస్తోంది. ఎడమవైపు సందులోంచి ఒక బైక్ దూసుకొచ్చింది. అతను హారన్ కొట్టాడు. చిట్టికి వినపడింది. వినపడబట్టే టక్కున ఆగి తల తిప్పింది.

కాకపోతే కుడివైపుకి తిప్పింది.

అటు గోడ తప్ప ఏమీ లేదు. బైక్ అతను సడన్ బ్రేక్ వేశాడు, నేను వెనక నుంచి గౌను పట్టుకుని లాగాను. ఒక్క సెకను తేడాలో తప్పిపోయింది. "అటు ఎవరూ లేరు కదా మామయ్యా" అంది చిట్టి, ఇంకా ఆ గోడ వైపే చూస్తూ.

అప్పటికి దానికి ఐదేళ్లు. కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. ఎడమ చెవికి ఏమీ లేదు. ఏ శబ్దం వచ్చినా దానికి కుడి నుంచి వచ్చినట్టే ఉంటుంది. ఆ రాత్రి నుంచి మా ఇంట్లో ఒకటే చర్చ. ఎడమ చెవికి కూడా పెట్టించాలా, వద్దా?

మొదటి చెవి కథ

చిట్టి పుట్టినప్పుడు వినికిడి పరీక్ష ఎవరూ చెయ్యలేదు. చెయ్యాలని మాకూ తెలీదు. ఏడాదిన్నర వయసులో దీపావళి రోజు వీధంతా బాంబులు పేలుతుంటే అది హాయిగా నిద్రపోతోంది. "బంగారుతల్లి, ఎంత బుద్ధిగా పడుకుందో" అని మా అమ్మ మురిసిపోయింది. అక్క మురవలేదు. మర్నాడు చిట్టి ఆడుకుంటుంటే వెనక నుంచి వెళ్లి స్టీలు పళ్లెం నేలకేసి కొట్టింది. పక్కగదిలో ఉన్న నేను ఉలిక్కిపడ్డాను. చిట్టి తల కూడా ఎత్తలేదు.

ఆ తర్వాత హైదరాబాద్‌లో బెరా పరీక్ష చేస్తే రెండు చెవులూ పూర్తిగా వినపడవని తేలింది. జన్యు పరీక్షలో కనెక్సిన్ 26 లోపం అన్నారు. పుట్టుకతో వచ్చే చెవుడుకి ప్రపంచంలో ఎక్కువగా కనిపించే జన్యు కారణాల్లో ఇదొకటి. మా బావ పరాయివాడు కాదు, మా మేనత్త కొడుకే. అక్కకీ బావకీ వినికిడి బాగానే ఉంది. కానీ ఒకే లోపం ఇద్దరిలోనూ దాగి ఉంది. అలాంటి జంటకి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. చుట్టాల్లో కొందరు తప్పంతా అక్క మీదే వేశారు. ఈ మేనరికం కుదిర్చింది కూడా వాళ్లే.

రెండేళ్ల మూడు నెలలప్పుడు ఆరోగ్యశ్రీలో కుడి చెవికి ఆపరేషన్ అయింది. అప్పుడు మాకు పథకం కింద దొరికింది ఒక చెవికే. దొరికినందుకే దండం పెట్టుకున్నాం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. హియరింగ్ ఎయిడ్ శబ్దాన్ని పెద్దది చేసి చెవిలోకి వదులుతుంది. ఇంప్లాంట్ అలా కాదు. చెవి వెనక తగిలించే ప్రాసెసర్ శబ్దాన్ని పట్టుకుని, సిగ్నల్‌గా మార్చి, తలకి అయస్కాంతంతో అతుక్కునే కాయిల్ ద్వారా చర్మం కింద ఉన్న భాగానికి పంపుతుంది. అక్కడి నుంచి ఒక సన్నటి తీగ లోపలి చెవిలోని నత్తగుల్లలాంటి కాక్లియాలోకి వెళ్తుంది. ఆ తీగ మీది ఎలక్ట్రోడ్లు వినికిడి నరానికి నేరుగా కరెంటు ఇస్తాయి. కంపెనీని బట్టి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు ఉంటాయి. మామూలు చెవిలో ఈ పని చూసే రోమకణాలు సుమారు 15 వేలు. అంత మంది చేసే పని ఈ 22 మందితో చేయించాలి. అందుకే ఆపరేషన్ అయిన మర్నాటి నుంచే పిల్లలు గడగడా మాట్లాడేయరు. ఆ కొత్త శబ్దాన్ని మెదడు భాషగా నేర్చుకోవాలి. నేర్పించేది థెరపీ, అమ్మ, ఇల్లు.

అక్క నేర్పింది. రోజూ పొద్దున్నే నోటికి అడ్డంగా అట్టముక్క పెట్టుకుని ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అని ఆరు శబ్దాలు అనేది. లింగ్ టెస్ట్ అంటారు దాన్ని. ఆరూ వినపడితే మెషీన్ ఆ రోజుకి బాగున్నట్టు. మూడేళ్లలో ఒక్క రోజు మానలేదు. చిట్టి ఇప్పుడు మామూలు బడిలో యూకేజీ. తిట్టడం కూడా వచ్చు.

నా ఎక్సెల్ షీటు

బైక్ సంగతి జరిగిన రాత్రే నా మనసులో నిర్ణయం అయిపోయింది. పెట్టించేద్దాం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాడికి ప్రతిదానికీ ఒక షీటు కావాలి కదా, తయారు చేశాను.

మొదటి లైను, దిక్కు తెలియడం. ఎడమ నుంచి వచ్చిన శబ్దం ఎడమ చెవికి ముందు చేరుతుంది, కుడి చెవికి ఓ క్షణం ఆలస్యంగా. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. పైగా తల అడ్డు రావడం వల్ల కుడి చెవికి కాస్త మెల్లగా వినపడుతుంది. ఈ రెండు తేడాలనీ పోల్చుకునే మెదడు "అదుగో, అటు" అని చెబుతుంది. పోల్చడానికి రెండు చెవులు ఉండాలి. ఒకటే ఉంటే పోలిక లేదు, దిక్కు లేదు.

రెండో లైను, గోల. నలభై మంది పిల్లలున్న క్లాసులో టీచర్ గొంతు వెతికి పట్టుకోవడం ఒంటి చెవితో చాలా కష్టం.

మూడో లైను నా వృత్తికి సంబంధించింది. మా ఆఫీసులో ఏ సిస్టమ్ అయినా ఒకే సర్వర్ మీద నడుస్తోందంటే ఎవరికీ నిద్ర పట్టదు. అది పోతే అన్నీ పోతాయి. చిట్టి ప్రపంచమంతా ఒక్క కేబుల్ మీద వేలాడుతోంది. అంతకుముందు వేసవిలో ఆ కేబుల్ తెగింది. కొత్తది రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ గలగలా మాట్లాడే పిల్ల గోడకి ఆనుకుని కూర్చుంది. మాట్లాడటం కూడా తగ్గించేసింది. తన గొంతు తనకే వినపడకపోతే ఎవరికి మాత్రం మాట్లాడాలనిపిస్తుంది?

నాలుగో లైను డబ్బు. రెండో చెవికి ఆస్పత్రిలో చెప్పిన మొత్తం 9 లక్షల పైచిలుకు. కేంద్రం ఏడిప్ పథకంలో కొంత సాయం ఇస్తారు, కానీ అది కూడా ఒక ఇంప్లాంట్‌కే. నా దగ్గర 11 లక్షలు ఉన్నాయి. ఫ్లాట్ డౌన్ పేమెంట్ కోసం నాలుగేళ్లుగా దాచినవి.

మనలో ఆడపిల్లకి చెవులు కుట్టించేటప్పుడు మేనమామ ఒళ్లో కూర్చోబెడతారు. చిట్టినీ నా ఒళ్లోనే కూర్చోబెట్టారు. కెవ్వుమని ఏడ్చింది, ఆ ఏడుపు తనకే వినపడటం లేదని అప్పుడు మాకు తెలీదు. ఈ రెండో చెవి ఖర్చు కూడా నా ఒళ్లోనే పడాలి అనుకున్నాను. షీటు అక్కకి వాట్సాప్ చేసి, "నెక్స్ట్ మంత్ డేట్ తీసుకుందాం" అని పెట్టాను.

నీలం టిక్కులు పడ్డాయి. రెండు రోజులు జవాబు లేదు.

అక్క లెక్క

మూడో రోజు తనే ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఆ చెవిని అట్లాగే ఉంచితే రేపు ఏదైనా కొత్త వైద్యం వస్తుందేమో. ఇప్పుడు తీగ దూర్చేస్తే ఇక అంతేగా?"

తేలిగ్గా తీసెయ్యాల్సిన ప్రశ్న కాదు అది. ఇంప్లాంట్ పెట్టేటప్పుడు ఆ చెవిలో మిగిలి ఉన్న కాస్త వినికిడి కూడా పోవచ్చు. 2024లో షాంఘైలో పుట్టు చెవుడున్న కొందరు పిల్లలకి జన్యు చికిత్సతో వినికిడి వచ్చిందని వైద్య పత్రికల్లో వచ్చింది కూడా. కానీ అది ఒటోఫెర్లిన్ అనే వేరే జన్యువులో లోపం ఉన్నవాళ్లకి. చిట్టిది అది కాదు. దానికి పనికొచ్చే వైద్యం ఎప్పటికైనా రావచ్చు. ఆ లోపు చిట్టి పెరిగిపోతుంది.

నేను ఇంకా గట్టిగా వాదించాలని బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు పంపాను. 2009లోనే వాళ్లు ఇలాంటి పిల్లలకి రెండు చెవులకీ ఒకేసారి ఇంప్లాంట్లు పెట్టొచ్చని సిఫారసు చేశారు. "చూశావా?" అన్నాను.

అక్క బీకామ్. ఫోన్లో తెలుగులోకి మార్చుకుని మొత్తం చదివింది. "నువ్వు కింది పేరా చదివావా?" అంది.

చదవలేదు. ఒకటి పెట్టి, కొన్నేళ్ల తర్వాత రెండోది పెట్టడాన్ని అదే సంస్థ మామూలుగా సిఫారసు చెయ్యలేదు. అప్పటికే ఒకటి పెట్టించుకున్నవాళ్లకి మాత్రం, తగినంత లాభం ఉంటుందని డాక్టర్ భావిస్తే అవకాశం ఇచ్చారు. చిట్టిది సరిగ్గా ఈ కింది పేరా. నేను నాకు కావలసిన పై పేరా చదివి ఆగిపోయాను.

ఆ తర్వాత అక్క అన్న మాట నా షీటులో ఏ గడిలోనూ లేదు.

"తొమ్మిది లక్షలు నువ్వు పెడతావు. బాగానే ఉంది. రెండో చెవికి మళ్లీ మొదటి నుంచి నేర్పాలి కదా. ఆ, ఊ, ఈ నుంచి. మళ్లీ మూడేళ్లు. ఎవరు కూర్చోవాలి? ఆపరేషన్ అయ్యాక అందరూ స్వీట్లు తిని వెళ్లిపోతారు. నేను మిగులుతాను."

నా దగ్గర జవాబు లేదు. మొదటిసారి కూడా నేను స్వీటు తిని వెళ్లిపోయినవాణ్నే.

మేడమ్ చెప్పింది

నేనూ అక్కా బావా కలిసి ఆడియాలజిస్ట్ మేడమ్ దగ్గర కూర్చున్నాం. ఆవిడ 'పెట్టించండి' అనలేదు, 'వద్దు' అనలేదు. ముందు చిట్టికి పరీక్ష చేశారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పది మాటలు చెబితే తొమ్మిది తిరిగి చెప్పింది. ఎడమవైపు స్పీకర్‌లో గోల పెట్టి చెబితే ఆరు. మాట ఎడమ నుంచి, గోల కుడి నుంచి వచ్చేలా మారిస్తే మూడు. ఎడమ చెవికి పవర్‌ఫుల్ హియరింగ్ ఎయిడ్ పెట్టి చూశారు. దానివల్ల ఏమీ మారలేదు. కొందరు పిల్లలకి ఒకవైపు ఇంప్లాంట్, మరోవైపు హియరింగ్ ఎయిడ్ చక్కగా సరిపోతాయట. వాళ్లకి రెండో ఆపరేషన్ తొందర అక్కర్లేదు. చిట్టికి ఆ దారి మూసుకుపోయింది.

తర్వాత ఆవిడ టైమ్ గురించి చెప్పారు. మొదటి ఇంప్లాంట్ విషయంలో అమెరికాలో అను శర్మ చేసిన పరిశోధనల ప్రకారం మూడున్నరేళ్ల లోపు శబ్దం అందితే మెదడులో వినికిడి మార్గాలు బాగా ఎదుగుతాయి, ఏడేళ్లు దాటాక చాలా కష్టం. రెండో ఇంప్లాంట్ విషయంలో టొరంటోలోని సిక్‌కిడ్స్ ఆస్పత్రిలో కేరెన్ గోర్డన్ బృందం చూసిందేమిటంటే, ఒంటి చెవితో ఏడాదిన్నర దాటితే మెదడు ఆ చెవి వైపే మొగ్గిపోతుంది. చిట్టికి అప్పటికే మూడేళ్లు.

"అంటే లేట్ అయిపోయిందా మేడమ్?" అన్నాడు బావ.

"మంచి టైమ్ దాటిపోయింది. తలుపు ఇంకా పూర్తిగా పడలేదు" అన్నారావిడ. "రెండో చెవి మొదటి దానంత కాకపోవచ్చు. గోలలో కొంత మెరుగు ఉంటుంది. ఎడమ నుంచి పిలిస్తే తెలుస్తుంది. దిక్కు కొంతవరకు రావచ్చు. ఇంప్లాంట్లు ఆ వెయ్యో వంతు టైమ్ తేడాని సరిగ్గా అందించలేవు, హెచ్చుతగ్గుల్ని మాత్రం అందిస్తాయి. కాబట్టి రెండు ఇంప్లాంట్లు అంటే మన రెండు చెవులు అనుకోకండి. మొదటి కొన్ని నెలలు పిల్ల దాన్ని అసహ్యించుకుంటుంది. రోజూ కొంతసేపు కుడిది తీసేసి ఎడమదాంతోనే పని చేయించాలి. అది చెయ్యలేమనుకుంటే డబ్బు తగలెయ్యకండి. ఆ డబ్బుతో స్పేర్ ప్రాసెసర్ కొనండి, థెరపీ పెంచండి. ఒక్కదాంతోనే బాగా చదువుకునే పిల్లలు నా దగ్గర చాలామంది ఉన్నారు."

ఆవిడ అంత నిజాయితీగా చెప్పాకే నాకు అసలు ప్రశ్న అర్థమైంది. ఒకటి మంచిదా, రెండు మంచివా అని అడిగితే దాదాపు ఎవరైనా రెండే అంటారు. మేం అడగాల్సింది అది కాదు. ఇంత ఆలస్యంగా, ఈ పిల్లకి వచ్చే లాభం ఎంత? దాని కోసం రోజూ ఎవరు కూర్చుంటారు? ఇంకో సంగతి, 'చూద్దాంలే' అని వాయిదా వేస్తే అది కూడా నిర్ణయమే. మనం ఊరుకున్నా తలుపు మాత్రం మెల్లగా మూసుకుంటూనే ఉంటుంది.

షీటులో కొత్త గడి

బస్సులో తిరిగొస్తూ అక్కకి చెప్పాను. "మా ఆఫీసులో వారానికి రెండు రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంది. గురు, శుక్రవారాలు ఖమ్మం నుంచి చేస్తాను. శని, ఆదివారాలు కూడా ఉంటాను. వారంలో నాలుగు రోజులు ఎడమ చెవి డ్యూటీ నాది. ఏడాది పాటు. మిగతా మూడు రోజులు బావది. నీకు ఈసారి సెలవు."

బావ కిటికీలోంచి చూస్తూ తలూపాడు. అక్క చాలాసేపు ఏమీ అనలేదు. సూర్యాపేట దాటాక, "రాసియ్యి" అంది. రాసిచ్చాను. బస్ టికెట్ వెనక.

ఆపరేషన్‌కి ముందు న్యుమోకాకల్ టీకా సరిచూశారు. ఇంప్లాంట్ ఉన్నవాళ్లకి మెనింజైటిస్ ముప్పు కాస్త ఎక్కువ కాబట్టి అది తప్పనిసరి. ముఖ నరం పక్కనుంచే దారి చెయ్యాలి కాబట్టి ఆ రిస్క్ కూడా చెప్పి సంతకం తీసుకున్నారు. సంతకం పెట్టేటప్పుడు అక్క చెయ్యి వణికింది. ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుగు వారాలకి స్విచ్ ఆన్ చేశారు.

స్విచ్ ఆన్ వీడియోలు మీరూ చూసే ఉంటారు. పాప నవ్వుతుంది, అమ్మ ఏడుస్తుంది, వెనక మ్యూజిక్. మా దగ్గర అలాంటిదేమీ జరగలేదు. చిట్టి మొహం మాడ్చుకుని కాయిల్ పీకేసి టేబుల్ మీద పెట్టింది. "ఇది పాడైంది మామయ్యా. గుర్రుగుర్రుమంటోంది."

మూడు నెలలు అదే మాట. రోజూ అరగంట కుడిది తీసేసి, ఎడమదాంతో ఆ, ఊ, ఈ. బిస్కెట్లు లంచం. ఒకరోజు నా మీద పలక విసిరింది. ఇంకోరోజు నేనే విసుగొచ్చి డాబా మీదికి వెళ్లి కూర్చున్నాను. మూడేళ్ల పాటు అక్క ఎక్కడికి వెళ్లి కూర్చునేదో అప్పుడు తెలిసింది. అదే డాబా.

ఎనిమిది నెలల తర్వాత లెక్క ఇది. ఎడమ చెవి ఒక్కదాంతో పది మాటలకి నాలుగు. మాట ఎడమ నుంచి, గోల కుడి నుంచి వస్తే ఇదివరకు మూడు, ఇప్పుడు ఆరు. మొన్న కుడి కేబుల్ మళ్లీ పోయింది. కొత్తది వచ్చేదాకా చిట్టి ఎడమదాంతోనే నెట్టుకొచ్చింది. సగం అర్థం కాలేదు, గోడకి మాత్రం ఆనుకుని కూర్చోలేదు. నా ఫ్లాట్ ఇంకో మూడేళ్లు వెనక్కి పోయింది. పోనీ.

మీ ఇంట్లో ఈ ప్రశ్న ఉంటే

మేం చేసిందే మీరూ చెయ్యాలని చెప్పను. థెరపీ సెంటర్‌లో మాకు పరిచయమైన ఒక కుటుంబం అన్నీ ఆలోచించి వద్దనుకుంది. వాళ్ల బాబుకి రెండో చెవిలో హియరింగ్ ఎయిడ్ బాగా పని చేస్తోంది. వాళ్లది సరైన నిర్ణయమే. చెవి పనిచేయకపోయినా సైగల భాషలో నిండుగా బతికేవాళ్లు లక్షల్లో ఉన్నారు, అదీ మర్చిపోకూడదు.

కానీ ఈ నాలుగూ అడగండి. రెండో చెవిలో హియరింగ్ ఎయిడ్‌తో ఏమైనా వస్తోందా, కనీసం కొన్ని నెలలు పెట్టి చూశారా? నిశ్శబ్దంలో కాకుండా గోలలో పరీక్ష చేశారా? ఆపరేషన్ డబ్బు పక్కనపెట్టి, ఏటా కేబుళ్లు, బ్యాటరీలు, కొన్నేళ్లకి కొత్త ప్రాసెసర్ ఖర్చు లెక్క వేశారా? రోజూ అరగంట ఎవరు కూర్చుంటారో పేరు రాసుకున్నారా? పథకాల నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి, ఎవరో చెప్పారని కాకుండా నేరుగా వెళ్లి కనుక్కోండి. ఇంట్లో ఇప్పుడే పుట్టిన బిడ్డ ఉంటే, ముందు వినికిడి పరీక్ష చేయించండి.

పోయిన ఆదివారం అదే సందులో కిరాణా కొట్టుకి వెళ్తున్నాం. కావాలనే వెనకబడి, ఎడమవైపు అరుగు పక్కన నక్కి "చిట్టీ" అని పిలిచాను. ఆగింది. అలవాటుగా తల కుడికి కదిలింది. సగంలో ఆగిపోయింది. ఒక్క క్షణం అలాగే నిలబడి, మెల్లగా ఎడమకి తిరిగింది.

"ఎందుకంత గట్టిగా అరుస్తావ్" అంది.